ఏది చెడితే అది చదువుతా

సీఈవోకి ఆ పేరు పెట్టింది పిన్ని. అది గౌరవంతో పెట్టిన పేరు కాదని అర్థం కావడానికి అతనికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా "సీఈవో గారూ, చెత్తబుట్ట బయట పెట్టండి" అని ఆవిడ పిలిచినప్పుడల్లా లోలోపల మురిసిపోతూ చెత్తబుట్ట బయట పెట్టాడు.

పేరుకి తగ్గ చరిత్ర అతనికి లేకపోలేదు. పదహారో ఏట గొడుగులు అద్దెకిచ్చే సంస్థ ప్రారంభించాడు. వాన పడిన మొదటి రోజే ఎనిమిది గొడుగులూ వెళ్ళాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. పదిహేడో ఏట, మంచినీళ్ళు తాగమని గంటగంటకీ గుర్తు చేసే యాప్ తయారు చేయించాడు. దాన్ని ఫోన్లో వేసుకున్నది వాళ్ళమ్మ ఒక్కతే. రెండో రోజు ఆవిడా తీసేసి, "ఎదురుగా లేకపోయినా విసిగిస్తున్నావేంట్రా" అంది. పద్దెనిమిదో ఏట, సంస్థ ఏదో తేలకముందే 'వ్యవస్థాపకుడు' అని ఐదు వందల విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాడు. అవి మాత్రం వృథా కాలేదు. పిన్ని తన లాండ్రీలో చొక్కాలు మడతపెట్టేటప్పుడు కాలర్లు వంగిపోకుండా లోపల ఒక్కో కార్డు దోపుతుంది. వీధిలో సగం మంది మెడ చుట్టూ తిరిగే అదృష్టం ఏ వ్యవస్థాపకుడికి దక్కుతుంది!

అమ్మానాన్నలు ఉద్యోగాల మీద వేరే ఊళ్ళో ఉంటారు. చదువు కోసం అతను మూడేళ్ళుగా పిన్ని దగ్గరే, లాండ్రీ పైనున్న గదిలో ఉంటున్నాడు. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు వచ్చాయి, డిగ్రీలో చేరాలి. ఒకే యూనివర్సిటీ నుంచి ఒకే ఫారం వచ్చింది, అందులో రెండు గడులు. ఒకటి బిజినెస్ మేనేజ్‌మెంట్. రెండోది ఇంజనీరింగ్. అయితే అతని ర్యాంకుకి కంప్యూటర్లు, రోబోలూ అందలేదు, టెక్స్‌టైల్ టెక్నాలజీ అందింది. పొద్దున లేస్తే బట్టలు, పడుకుంటే బట్టల వాసన. మళ్ళీ నాలుగేళ్ళు బట్టలేనా అని అతనికి ఏడుపొచ్చింది. రెండిట్లో ఒకదానికి టిక్కు పెట్టి శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఇవ్వాలి. వ్యాపారం పెట్టాలన్నది ఖాయం. పెట్టడానికి ఏది చదవాలన్నదే తేలడం లేదు.

అమ్మని అడిగితే, "నీ ఇష్టంరా, ఇంజనీరింగ్ చదువు" అంది. నాన్నని అడిగితే, "నీ ఇష్టంరా, అమ్మ చెప్పింది కాకుండా ఇంకోటి చదువు" అన్నాడు. అతను గదిలో గోడకి పెద్ద చార్టు అతికించి, రెండు చదువులకీ పన్నెండు అంశాల్లో మార్కులు వేశాడు. డెబ్భై మూడు, డెబ్భై మూడు వచ్చాయి. 'పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలో మార్పు' అని పదమూడో అంశం చేర్చాడు. అప్పుడూ సమానమే.

సరిగ్గా ఆ వారమే పిన్నికి కంటి ఆపరేషన్ అయింది. వారం రోజులు వంగకూడదు, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు, దారం సూదీ ముట్టకూడదు అని డాక్టరు చెప్పాడు. రెండు వీధుల అవతలున్న ఇంట్లో నల్లకళ్ళజోడు పెట్టుకుని ఆవిడ కూర్చుండిపోయింది. లాండ్రీలో మిగిలింది బాబాయి, సీఈవో. బాబాయిది ఇస్త్రీ బల్ల. ఆయన మాటలు ఎంచి ఎంచి వాడే మనిషి. ఒకసారి చెప్తాడు, వినకపోతే రెండోసారి చెప్తాడు, మూడోసారి ఇస్త్రీ చేసుకుంటాడు.

అప్పుడే మన సీఈవో బుర్రలో మెరుపు మెరిసింది. లాండ్రీని వారం రోజులు తన పద్ధతిలో నడిపి చూస్తాడు. ఎక్కడో ఒకచోట చెడుతుంది కదా. పనిలో చెడితే తనకి రానిది టెక్నాలజీ, ఇంజనీరింగ్‌కి టిక్కు. కస్టమర్ల దగ్గర చెడితే తనకి రానిది వ్యాపారం, మేనేజ్‌మెంట్‌కి టిక్కు. ఏది చెడితే అది చదువుతాడు. ఇంత తెలివైన ఆలోచన ఇంతవరకూ ఎవరికీ ఎందుకు రాలేదా అని ఆశ్చర్యపోయాడు. ఎవరికీ ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది.

మార్చడానికి అతను ఎంచుకున్నది పిన్ని గుర్తుల్ని. ప్రతి బట్టకీ కాలరు లోపలో, నడుము పట్టీ లోపలో ఆవిడ రంగుదారంతో రెండు మూడు కుట్లు వేస్తుంది. ఎర్రవి రెండు, నీలం ఒకటి ఉంటే అది నర్సుగారి బట్ట. ఆకుపచ్చవి మూడు ఉంటే రిటైరైన హెడ్మాస్టరుగారిది. పక్కనే చిన్న చిన్న ముడులు కూడా ఉంటాయి. సీఈవో చొక్కాలకి మూడు నల్లముడులు. ఎందుకని ఒకసారి అడిగితే, "జేబులు చూడకుండా నీళ్ళలో వెయ్యొద్దని. నీ ఐడియాలు రాసిన కాగితాలు ముద్దలై మెషిన్లో ఇరుక్కుంటున్నాయి" అంది పిన్ని. అతను నవ్వేసి ఊరుకున్నాడు. తన ముడులకి ఒక అర్థం ఉన్నప్పుడు మిగతావాళ్ళ ముడులకీ ఉంటుందేమోనన్న చిన్న అనుమానం అంత పెద్ద బుర్రలోకి రాలేదు.

"పిన్నీ, బట్టలకి నంబరు పట్టీలు వెయ్యనా? ఇస్త్రీ పెట్టెతో అద్దితే అతుక్కుంటాయి, ఫోన్లో చూస్తే ఎవరివో తెలిసిపోతుంది" అని సోమవారం అడిగాడు.

"వేసుకో. చొక్కా కాల్చకు" అంది పిన్ని.

వేసుకోమంది. దారాలు తీసెయ్యమనలేదు. కానీ పాత పద్ధతి పక్కనే ఉంటే కొత్త పద్ధతి నిలబడదని అతను ఏదో వీడియోలో విన్నాడు. చిన్న కత్తెర తీసుకుని వచ్చిన ప్రతి బట్టకీ దారాలు కత్తిరించి, చెత్తబుట్టలో వేసి, ఆ బుట్టని ఎవరూ చెప్పకుండానే బయట పెట్టాడు.

"పిన్నిని అడిగావా?" అన్నాడు బాబాయి.

"అడిగాను బాబాయ్."

"దారాలు తీస్తానని అడిగావా?"

"అంతా కలిపి అడిగాను."

బాబాయి రెండుసార్లు అడిగేశాడు కాబట్టి ఇస్త్రీలో పడ్డాడు.

మంగళవారం వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. అరవై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు. చంకలో నుంచి చుట్టగా చుట్టిన దళసరి క్యాన్వాసు గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. జనం ఇళ్ళలో పని చేసేటప్పుడు నేల పాడవకుండా పరుచుకునే గుడ్డ అది, తలుపంత పొడుగు ఉంటుంది. "ఆదివారం మా అమ్మాయి వస్తోంది, మనవరాలితో. శనివారానికి ఇచ్చెయ్ బాబూ. పిన్నికి తెలుసులే, ఎప్పటిలాగే."

"ఎప్పటికన్నా బాగా చేస్తామండి" అన్నాడు సీఈవో.

గుడ్డ విప్పి చూస్తే దుమ్ము, రంగు చుక్కలు, ఒక అంచు వెంబడి కింద నుంచి పైకి పెన్సిలు గీతలు, గీతల పక్కన అంకెలు. పనిలో వేసుకున్న కొలతలు కాబోలు అనుకున్నాడు. అంచులో ఉన్న నల్లదారం, దాని పక్కనున్న రెండు లావుపాటి ముడులూ కత్తిరించాడు. వేడినీళ్ళు, బ్లీచింగు, గట్టి బ్రష్. ఒక ఉతుకుకి గీతలు సగమే పోయాయి. పట్టుదల లేనివాడు వ్యవస్థాపకుడెలా అవుతాడు? రెండో ఉతుకు వేశాడు. ఎండలో ఆరేసరికి గుడ్డ పాలలా తెల్లగా మెరిసింది. ఫోన్లో ఫొటో తీసి, అచ్చు వేయించి, 'తర్వాత' అని రాసి షాపు అద్దానికి అతికించాడు. 'ముందు' ఫొటో తీయడం మరిచిపోయాడు. రోజువారీ రిపోర్టులో మాత్రం 'పాత మరకలు పూర్తిగా తొలగించబడినవి' అని మరిచిపోకుండా రాసుకున్నాడు.

గురువారం సాయంత్రం దాకా అతను గాల్లో తేలాడు. పట్టీలు ఊడలేదు. ఒక్క బట్టా తారుమారు కాలేదు. కస్టమర్లు ఫోన్లో తమ నంబరు చూసుకుని భలే ఉందన్నారు. ఏదీ చెడలేదు. ఇలాగైతే రెండు చదువులూ అక్కర్లేదేమో, నేరుగా రంగంలోకి దిగిపోవచ్చేమో అని కూడా ఆలోచించాడు.

శుక్రవారం పొద్దున్నే నర్సుగారు వచ్చి రెండు చేతులూ చాపి చూపించింది. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు. "సబ్బు మార్చారా? నాకు వాసన సబ్బు పడదని మీ పిన్నికి తెలుసే" అంది. ఎర్రదారం పక్కన తెల్లముడి ఉండేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత హెడ్మాస్టరుగారు వచ్చాడు. సీఈవో పద్ధతి ప్రకారం బట్టలతో పాటు వెళ్ళిన చీటీ ఒకటి తిరిగి ఇచ్చాడు. 'మీ చొక్కాలకు నాలుగు బొత్తాములు లేవు. గమనించగలరు' అని ఉంది అందులో. ఇచ్చేటప్పుడు ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. బొత్తాము పెట్టుకోబోయి తెంపుకునే వేళ్ళు అవి. ఆయన వెళ్ళాక బాబాయి ఇస్త్రీ పెట్టె ఆపి, "ఆయన అడగలేడు. మీ పిన్ని కుట్టేసి ఊరుకునేది. పసుప్పచ్చ ముడి" అన్నాడు.

"నీకు తెలిస్తే చెప్పొచ్చుగా బాబాయ్!"

"రెండుసార్లు అడిగా."

ఇంకో గంటకి, ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఇద్దరు బట్టల కోసం వచ్చి ఒకేసారి ఎదురుపడ్డారు. ఒకరికి పొద్దున, ఒకరికి సాయంత్రం అని పిన్ని పెట్టుకున్న ఏర్పాటు సీఈవో నంబర్లకి తెలియదు. బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి, ఇద్దరూ కలిసి అతన్ని తిట్టారు. ఏళ్ళ తర్వాత వాళ్ళు కలిసి చేసిన పని అదే.

అతను చార్టు ముందుకెళ్ళి నిలబడ్డాడు. చెడిందేమో చెడింది. ఏది చెడింది? పట్టీలు బాగానే పని చేశాయి, టెక్నాలజీ కాదు. ప్రతి బట్టా చెప్పిన రోజుకే చేరింది, నిర్వహణా కాదు. బట్ట ఎవరిదో అతని నంబరు చెప్పింది. ఆ మనిషితో ఎలా ఉండాలో ముడి చెప్పేది. దానికి ఫారంలో గడి లేదు. అప్పుడు ఉన్నట్టుండి రెండు లావుపాటి నల్లముడులు కళ్ళ ముందు కదిలాయి. అతను మెట్లు దిగి పరుగెత్తాడు.

పిన్ని వాకిట్లో కుర్చీలో నల్లకళ్ళజోడుతో కూర్చుని ఉంది. దారాల సంగతి చెప్పాడు. దద్దుర్లూ, చీటీ, అన్నదమ్ములూ చెప్పాడు. అన్నదమ్ముల దగ్గర ఆవిడ పెదవి కొంచెం కదిలింది. నవ్వేస్తుందేమోనని ఆశపడ్డాడు.

"మేస్త్రీ వచ్చాడా?" అంది.

"వచ్చాడు పిన్నీ. నల్లదారం, రెండు ముడులు. ఏంటవి?"

"నీళ్ళు తగలకూడదని. దులిపి, అంచులు కుట్టి, మడతపెట్టి ఇవ్వాలి. ఏడాదికి ఒక్కసారి తెస్తాడు." ఆవిడ ఆగింది. "ఏం చేశావు?"

"రెండు ఉతుకులు వేశాను."

పిన్ని తిడితే బాగుండునని అతనికి అనిపించింది. మూడేళ్ళలో ఆవిడ తిట్టకపోవడం అదే మొదటిసారి.

"వాళ్ళెప్పుడూ అద్దె ఇళ్ళేరా" అంది. "గోడ మీద, తలుపు మీద గీతలు గీస్తే ఇంటివాళ్ళు ఊరుకోరు. ఊరుకున్నా ఇల్లు మారినప్పుడు తలుపు పట్టుకుపోలేరు కదా. అందుకని పుట్టినరోజు నాడు ఆ గుడ్డని గోడకి వేలాడదీసి, కూతుర్ని దానికి ఆనించి నిలబెట్టి, నెత్తి దగ్గర గీత గీసేవాడు. మూడో ఏడు నించి పెళ్ళయ్యేదాకా. ఎల్లుండి మనవరాలికి మూడు నిండుతాయి. దాని మొదటి గీత వాళ్ళమ్మ గీత పక్కన గీయాలని ఎదురుచూస్తున్నాడు."

వెనకాలే వచ్చిన బాబాయి, "ఫొటో తీశావుగా?" అన్నాడు ఆశగా.

"తర్వాత తీశాను బాబాయ్. ముందు తీయలేదు."

సీఈవోకి దుఃఖం ముంచుకొచ్చింది. ఇంతవరకూ అతని సంస్థలు మునిగినప్పుడల్లా మునిగింది తన గొడుగులు, తన కార్డులు, తన పరువు. ఇంకొకరిది పోవడం ఇదే మొదలు.

"పిన్నీ, నువ్వు చెప్పవా ఆయనకి?" అన్నాడు.

"కన్ను బాగుంటే చెప్పేదాన్ని" అంది పిన్ని. కంటికీ నోటికీ సంబంధం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఆవిడ లాండ్రీకి వచ్చి కుర్చీలో కూర్చుంది. అతను ఒక్కో బట్టా చేతికిస్తుంటే తడిమి చూసి, ఎవరిదో, ఏ దారమో, ఏ ముడో చెప్పింది. అతను కుట్టాడు. వేళ్ళన్నీ పొడుచుకున్నాడు. నర్సుగారికి తెల్లముడి, హెడ్మాస్టరుగారికి పసుప్పచ్చ ముడి. మధ్యలో అతనికి ఒక గొప్ప వాక్యం తట్టింది. "పిన్నీ, ఎలా ఉతకాలో ఇంజనీరింగ్ చెప్తుంది, ఎవరికి ఉతకాలో మేనేజ్‌మెంట్ చెప్తుంది. ఎప్పుడు ఉతకకూడదో ఎవరు చెప్తారు?"

"వాక్యాలు తర్వాత చెక్కుదువు గాని, ఆ ముడి ఊడిపోతోంది, బిగించు" అంది పిన్ని.

శనివారం పొద్దున తొమ్మిదింటికి అతను ఫారం జేబులో పెట్టుకుని, గుడ్డ చంకలో పెట్టుకుని మేస్త్రీ పని చేసుకునే షెడ్డుకి వెళ్ళాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. 'అనివార్య కారణాల వల్ల' అని మొదలుపెడదామనుకున్నాడు. అక్కడ మేస్త్రీ చిన్న పీటకి గరుకు కాగితం పడుతున్నాడు. మూడేళ్ళ పిల్ల కూర్చునేంత పీట. దాన్ని చూడగానే కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి.

"మేస్త్రీగారూ, గుడ్డని ఉతికేశాను. గీతలన్నీ పోయాయి. నేనే చేశాను, అప్పటికి పిన్నికి తెలీదు."

మేస్త్రీ గుడ్డ అందుకున్నాడు. బల్ల మీద పరిచి, అంచు వెంబడి అరచేత్తో రాశాడు, కింద నుంచి పైదాకా. మళ్ళీ పై నుంచి కిందికి రాశాడు.

"బాగా తెల్లగా వచ్చింది" అన్నాడు. అది ఎత్తిపొడుపు కాదు.

చెవి మీది పెన్సిలు తీశాడు. "నేను తీసిన కొలత నేను మర్చిపోను బాబూ. రాసుకో, కాగితం ఉందా?"

సీఈవో జేబులన్నీ వెతికాడు. ఫారం తప్ప కాగితం లేదు. మేస్త్రీ తన చొక్కా కాలరులో వేలు పెట్టి, లాండ్రీ నుంచి వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉండిపోయిన కార్డు ఒకటి లాగి ఇచ్చాడు. 'వ్యవస్థాపకుడు' అని ఉన్న వైపు సీఈవో గబుక్కున తిప్పేసి, వెనక వైపు తన పెన్నుతో రాయడం మొదలుపెట్టాడు.

"మూడుకి తొంభై నాలుగు సెంటీమీటర్లు. నాలుగుకి నూట ఒకటి. అయిదుకి నూట ఎనిమిది, ఆ ఏడు కొత్త చెప్పులు విప్పనని ఏడ్చింది, చెప్పుల మందం నేనే తీసేశా." చెప్పుకుంటూ పోయాడు. సీఈవో ప్రాణం కొంచెం కొంచెం లేచొస్తోంది. "తొమ్మిదికి నూట ముప్పై రెండు. పదికి నూట ముప్పై ఏడు." అక్కడ ఆగాడు. పెన్సిలు బల్ల మీద పెట్టాడు. "పన్నెండుకి నూట యాభై."

"పదకొండు అండీ?"

"ఆ ఏడు నేను వేరే ఊళ్ళో పనిలో ఉన్నా. మా ఆవిడ గీసింది, అంకె వెయ్యలేదు. ఎంతో నాకు తెలీదు."

సీఈవోకి లెక్కలు వెంటనే వస్తాయి. "పదికీ పన్నెండుకీ మధ్య కదండీ. సగటు తీస్తే నూట నలభై మూడున్నర!"

మేస్త్రీ అతని వైపు చూశాడు. కోపంగా కాదు.

"లెక్కకి సరిపోద్ది బాబూ. కానీ ఆవిడకి గీత తిన్నగా గీయడం వచ్చేది కాదు. ఆ చివర పైకి లేచిపోయేది. వడ్రంగి పెళ్ళానివి, గీత గీయడం రాదేంటే అని ఏటా ఆ గుడ్డ విప్పినప్పుడల్లా ఏడిపించేవాణ్ణి. ఆవిడ పోయాక కూడా అంటూనే ఉన్నా. ఆ వంకర గీత నేనెలా గీసేది?"

సీఈవో కార్డు మీద పదకొండు అని రాసి, పక్కన ఖాళీ వదిలాడు.

"పోయిన పెన్సిలు గీత మళ్ళీ కనబడేలా చేసే ఉపాయం ఏమన్నా ఉంటుందా బాబూ? చదువుకున్నోడివి కదా."

"నాకు తెలీదండి" అన్నాడు సీఈవో. ఎవరైనా ఏదైనా అడిగితే తెలీదని అతను ఒప్పుకోవడం బహుశా అదే మొదలు. "తెలీదు" అని మళ్ళీ అన్నాడు.

కార్డు మీది అంకెలు చూసుకుంటూ మేస్త్రీ గుడ్డ మీద మళ్ళీ గీతలు గీశాడు. అన్నీ తిన్నగా, మట్టం పెట్టినట్టు వచ్చాయి. పదకొండు దగ్గర బెత్తెడు మేర తెల్లగా వదిలేశాడు. గుడ్డ చుట్టి పక్కన పెట్టి, కార్డు తిరిగి ఇచ్చి, "నీ దగ్గర ఉంచు" అన్నాడు.

సీఈవో యూనివర్సిటీ ఆఫీసు చేరేసరికి పన్నెండుకి పది నిమిషాలు ఉంది. ఫారంలో 'ఈ కోర్సును ఎందుకు ఎంచుకున్నారు?' అనే చోట అతను వారం కిందటే పెన్సిలుతో యాభై పదాలు రాసి పెట్టుకున్నాడు. ఏ గడికి టిక్కు పెట్టినా పనికొచ్చే యాభై పదాలు అవి. దార్శనికత, ఆవిష్కరణ, భవిష్యత్తు, అన్నీ ఉన్నాయి. గుమాస్తా దగ్గర రబ్బరు అడిగి తీసుకుని మొత్తం చెరిపేశాడు. చెరిపాక కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూశాడు. పెన్సిలు నొక్కిన గుంటలు సన్నగా కనిపించాయి. కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత రెండో గడిలో, బట్టల ఇంజనీరింగ్ దగ్గర, పెన్నుతో టిక్కు పెట్టి, కింద ఒకే ఒక్క వాక్యం రాశాడు: 'గుడ్డ మీద పోయిన పెన్సిలు గీత మళ్ళీ కనిపించేలా చేయవచ్చో లేదో తెలుసుకోవడానికి.'

గుమాస్తా అది రెండుసార్లు చదివింది. "యాభై పదాల దాకా రాయొచ్చు బాబూ."

"చాలండి."

"ఇక్కడొకటి వదిలేశావు. చదువయ్యాక సొంతంగా వ్యాపారం పెట్టే ఉద్దేశం ఉందా? ఉంటే ఏం వ్యాపారమో రాయాలి."

సీఈవో నోరు తెరిచాడు. ఈ ప్రశ్నకి గంటసేపు జవాబు చెప్పగలిగేవాడు పోయిన శనివారం దాకా.

"ఏం వ్యాపారమో ఇంకా తెలీదండి" అన్నాడు. "కస్టమరు మాత్రం ఒకాయన ఉన్నారు."